తాళంచెవి ఎవరి దగ్గర?

2011 సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. బెల్లంపల్లి బొగ్గుబాయి కార్మికుడి నుంచి పంతులు దాకా అందరూ రోడ్డెక్కినరు. ఆ రోజుల్లో డీటీపీ సెంటర్లలో రాత్రింబవళ్లు కూసొని కరపత్రాలు కొట్టించినం. ఇప్పుడు ఆ ఫైళ్లు తెరిచి చూడండి. ఆనాటి సాఫ్ట్‌వేర్ లేదు, ఆ ఫాంటు లేదు. తెలుగు జాగాలో పిచ్చిగీతలు కనబడుతయి. రాత మనది, తాళంచెవి కంపెనీది!

దొంగ కాపీ పుక్కటికే దొరుకుతది గదా అని కొందరు మిత్రులు అంటరు. పుక్కటికి దొరుకుడు వేరు, స్వేచ్ఛ వేరు. ప్రోగ్రాం లోపల ఏమున్నదో చూసే, మార్చుకునే, పదిమందికి పంచే హక్కు కావాలని రిచర్డ్ స్టాల్‌మన్ 1983లోనే గ్నూ పని ప్రకటించిండు. కేరళ సర్కారు బడి పిల్లలు ఏండ్లుగా లినక్స్ మీదనే నేర్చుకుంటున్నరు. హైదరాబాద్‌లోని 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులోనే లినక్స్ తెచ్చింది. మన బడుల్లో ఎందుకు పెట్టరు?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ఆగింది. పాత కంప్యూటర్లను పాత ఇనుప సామాన్ల కింద అమ్మాల్నా? చాలా వాటిమీద లినక్స్ నడుస్తది. లిబ్రే ఆఫీస్‌కు పైసా ఖర్చు లేదు. దాని ఓడీఎఫ్ ఫైలు 2006 నుంచి అంతర్జాతీయ ప్రమాణం, ఇంకో ప్రోగ్రాం కూడా తెరుస్తది. యూనికోడ్ తెలుగు ఫాంట్లు బోలెడు. గోలకొండ పత్రిక నడిపిన సురవరం పేరు మీద కూడా ఒకటున్నది.

ఉద్యోగ సంఘాలు సర్క్యులర్లను యూనికోడ్‌లో పంపాలె. బెల్లంపల్లి విద్యార్థులు ఇండ్లల్ల మిగిలిన ఉద్యమ కరపత్రాలు జమచేసి మళ్లీ టైపు చేయాలె. కాగితం చెదలు పట్టకముందే.