నీళ్ళలో గేదెకు బేరం

నీళ్ళలో ఉన్న గేదెను బేరమాడవద్దని మన పెద్దలు ఊరికే అనలేదు. నీళ్ళలో ఉన్నంతసేపూ గేదె నల్లగా, నున్నగా నిగనిగలాడుతూనే ఉంటుంది. కాలు కుంటిదో, పొదుగు ఎండిందో గట్టున నిలబడ్డవాడికి తెలిసే దారి లేదు. అది గట్టెక్కిన తర్వాతగాని అసలు రూపం బయటపడదు. అప్పటికి మన రూపాయలు అవతలివాడి రొండిని చేరి ఉంటాయి.

ఈ సామెత పాడిగొడ్ల కోసం పుట్టిందే అయినా, ఇవాళ దీని అవసరం ఎక్కువగా ఉన్నది పాత కార్లు కొనేవారికి. అందులోనూ పాత స్పోర్ట్సు కార్లు కొనేవారికి. 'మా సంసారాలకు స్పోర్ట్సు కార్ల గొడవ ఎందుకండీ' అని మీలో కొందరు పేజీ తిప్పబోతారేమో, కాస్త ఆగండి. ఇవాళ ఎందరిళ్ళల్లోనో ఒక కొడుకో, అల్లుడో అమెరికాలో ఉన్నాడు. ఏ ఆదివారం పూటో వాడు ఫోను చేసి, 'ఒక కారు చూశాను, పాతదే, చవకగా వస్తోంది' అంటాడు. ఇక్కడున్న తల్లిదండ్రులకు గుండె గుభేలుమంటుంది. వద్దనటానికి కారణం తెలియదు. సరేననటానికి ధైర్యం చాలదు.

మా తమ్ముడికి సరిగ్గా ఇదే అయింది. నేను మా అమ్మాయి దగ్గర డల్లాసు పక్కన ప్లేనోలో ఉన్న రోజులవి. తెనాలి నించి తమ్ముడు ఫోను చేశాడు. "అన్నయ్యా, మావాడు రెండు సీట్ల కారు కొంటానంటున్నాడు. ఇల్లు కొనుక్కోటానికి దాచుకున్న డబ్బులోంచి తీస్తాట్ట. నువ్వు ముప్ఫై ఏళ్ళు బస్సుల వర్కుషాపులో పనిచేసినవాడివి. నీ మాటంటే వాడికి గురి. వద్దని గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పటం తేలికే. కాని ఆ కుర్రవాడి సంగతి నేనెరుగుదును. తెనాలిలో వాడి గదిలో బీరువా తలుపుకు లోపలివైపున ఎర్ర కారు బొమ్మ ఒకటి అంటించి ఉండేది. పైవైపున అంటిస్తే వాళ్ళ నాన్న చింపేస్తాడని లోపలివైపున. ఇప్పుడు వాడికి ముప్ఫై నాలుగేళ్ళు. భార్యా ఉద్యోగం చేస్తోంది. సంసారానికి వేరే కారు ఉంది. కోరికలో తప్పు లేదు, తప్పేదన్నా ఉంటే బేరంలో ఉంటుంది. అందుకని నేను వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. "పద, చూద్దాం" అన్నాను.

వాడు చూసిపెట్టుకున్నది పోర్షె బాక్స్‌స్టర్, 2001 నాటిది. వెండి రంగు. 78,000 మైళ్ళు తిరిగింది. అడుగుతున్నది 11,500 డాలర్లు. "పెదనాన్నా, కొత్తదైతే దీనికి ఎన్ని రెట్లో తెలుసా?" అన్నాడు.

అసలు మోసం ఇక్కడే మొదలవుతుంది. అమ్మేవాడు చెయ్యనక్కరలేదు, మనకు మనమే చేసుకుంటాం. కొత్తదాని ధర తలుచుకుంటే పాతది చవకగానే కనిపిస్తుంది. కాని గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు. కారు పాతబడితే దాని ధర తగ్గుతుంది గాని, దాని సామాను ధరా, మెకానిక్కు కూలీ దానితోపాటు తగ్గవు.

అమెరికావాళ్ళు పైకి బాగుండి లోపల రోగమున్న కారును నిమ్మకాయ అంటారు. మనం కొత్త కారుకు పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. వాళ్ళకు కారే నిమ్మకాయ! జార్జి ఆకెర్‌లాఫ్ అనే ఆర్థిక శాస్త్రవేత్త 1970లో ఈ నిమ్మకాయల బజారు మీదనే ఒక వ్యాసం రాశాడు. 2001లో మరి ఇద్దరితో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆయన చెప్పింది మన ఇంటి భాషలో ఇదీ: కారు గుట్టు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు గనక కొనేవాడు మంచికీ చెడ్డకూ మధ్యరకం ధర ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు, చెడ్డ కారున్నవాడు సంతోషంగా అమ్ముతాడు. పోనుపోను బజారులో చెడ్డవే మిగులుతాయి. కనక చవక అన్నమాట వినగానే సంబరపడకూడదు. 'ఎందుకు చవక?' అని అడగాలి.

బాక్స్‌స్టర్ విషయంలో ఆ 'ఎందుకు'కు ఒక జవాబు పదిమందికీ తెలిసిందే. ఈ కారులో ఇంజను సీట్ల వెనక, కారు నడుమ ఉంటుంది. ముందు మూత ఎత్తినా, వెనక మూత ఎత్తినా సామాను పెట్టుకునే చోటే గాని ఇంజను కనపడదు. ఆ ఇంజను లోపల, క్రాంకుషాఫ్టు నించి వాల్వులు తెరిచే షాఫ్టులకు చలనం అందించే మధ్యషాఫ్టు ఒకటుంది. దాని చివర అరచేతిలో ఇమిడే బేరింగు. 1996లో వచ్చిన తొలి కార్లలో దీనికి రెండు వరుసల గుండ్లు ఉండేవి. 2000 ప్రాంతం నించి ఒంటివరుస చేశారు. ఆ బేరింగు విరిగిందంటే వాల్వులు లయ తప్పి పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంజను మొత్తం పోతుంది. అన్ని కార్లలోనూ విరగదు. ఆ మాటకొస్తే ఎక్కువ కార్లలో విరగదు. విరిగేది మటుకు ముందుగా చెప్పి విరగకపోవచ్చు. 2001-2005 మధ్య తయారైన కార్ల విషయమై యజమానులు అమెరికా కోర్టులో దావా వేస్తే 2013లో రాజీ కుదిరింది. ఆ గడువులన్నీ దాటిపోయాయి. ఇవాళ విరిగితే ఖర్చు ఎవరి చేతిలో కారుంటే వారిదే.

దీనికి విరుగుడు లేకపోలేదు. క్లచ్చి మార్చేటప్పుడు ఎలాగూ గేరుబాక్సు దించుతారు, ఆ పట్టునే బేరింగు కూడా మార్చవచ్చు. అందుచేత ఈ కారు కొనేవాడు రంగు చూసి మురిసేముందు, 'క్లచ్చి ఎప్పుడు మార్చారు? బేరింగు మార్చారా? బిల్లు ఏదీ?' అని అడగాలి.

శనివారం పొద్దున్నే వెళ్ళాం. మేము వచ్చేదాకా స్టార్టు చెయ్యవద్దని ముందే చెప్పించాను. చల్లటి ఇంజను మొదటి అర నిమిషంలో బయటపెట్టే గుట్టు, వేడెక్కాక దాచేస్తుంది. వెనక పొగగొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉంది. కాఫీకి వెళ్ళివచ్చానన్నాడు యజమాని. కావచ్చు. టైర్లు చూశాను. టైరు పక్కన ఉండే అంకెల్లో చివరి నాలుగూ దాని జాతకం. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో పుట్టిందని అర్థం. గాట్లు నిక్షేపంలా ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది. ఇతగాడి కారుకు నాలుగు టైర్లు రెండు రకాలవి, అన్నీ వృద్ధులే.

1996 నించి అమెరికాలో అమ్మిన ప్రతి కారుకూ స్టీరింగు కింద ఒక ప్లగ్గు ఉంటుంది. అందులో చిన్న యంత్రం పెడితే ఇంజను తన జబ్బులు తానే చెప్తుంది. జబ్బేమీ లేదని చెప్పింది గాని, స్వయంగా చేసుకోవలసిన పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని కూడా చెప్పింది. అంటే ఈమధ్యనే ఎవరో దాని జ్ఞాపకం చెరిపివేశారన్నమాట. బ్యాటరీ మార్చానన్నాడు. అదీ కావచ్చు. బిల్లులు అడిగాం, లేవు. మా ఖర్చుతో మెకానిక్కుకు చూపించుకుంటామన్నాం. మధ్యాహ్నం ఇంకొకరు వస్తున్నారు, అంత వ్యవధి లేదన్నాడు. బేరాల్లో వినిపించే ఆ 'ఇంకొకరి'ని నేను ముప్ఫై ఏళ్ళుగా చూడాలనుకుంటున్నాను, ఇంతవరకూ దర్శనం కాలేదు.

ఇంతకూ ఆ కారు చెడ్డదని రుజువైందా? కాలేదు. మంచిదే కావచ్చు కూడా. మావాడి బాధ అదే. "విరగకపోతే మంచి బేరం పోయినట్టే గదా పెదనాన్నా" అన్నాడు ఆ రాత్రి. అప్పుడు వాడి భార్య కవరు ఒకటి తీసుకుని దాని వెనక లెక్క రాసింది. కారు 11,500. టెక్సాసులో అమ్మకం పన్ను నూటికి ఆరుంబావు గనక సుమారు 720. క్లచ్చీ, బేరింగూ కలిపి మెకానిక్కు ఫోనులో చెప్పింది 4,000. టైర్లు 1,000. వెరసి 17,220. కింద గీత గీసి, నా వైపు తిరిగింది.

"మామయ్యగారూ, ఇవేవీ చేయించకముందే ఇంజను పోతే?"

"ఇప్పుడు కారుకిచ్చే డబ్బు మళ్ళీ ఇచ్చుకోవాలమ్మా. ఇంకా ఎక్కువే కావచ్చు."

"అయితే మన ఇల్లు ఏడాదిన్నర వెనక్కి పోతుంది" అన్నది మొగుడితో, కోపం లేకుండానే.

వాడు కవరు కేసి చాలాసేపు చూశాడు. నేను చెప్పవలసింది ఆ అమ్మాయే చెప్పింది. కారు బాగుంటుందా, పాడవుతుందా అన్నది ఎవరూ చెప్పలేని జోస్యం. పాడైతే మనం తట్టుకోగలమా అన్నది మటుకు ఎవరైనా వెయ్యగల లెక్క. ఆ లెక్కకు నిలవని బేరం, కారు బంగారంలా నడిచినా సరే, మనకు తగిన బేరం కాదు.

మూడు వారాల తర్వాత ఇంకొకటి కుదిరింది. మాజ్డా మియాటా, 1996 నాటిది. 1,02,000 మైళ్ళు తిరిగింది. 7,400 డాలర్లు. ఈ కారును మొదటిసారి 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో చూపించారు, 2016 ఏప్రిల్ నాటికి పది లక్షలు తయారుచేశారు. అన్ని ఉన్నాయి గనక సామానుకు కరువు లేదు, పని తెలిసినవాళ్ళకూ కరువు లేదు. అమ్మే ఆయన రిటైరైన బడిపంతులు. స్టార్టు చెయ్యగానే ఇంజను టిక్కుటిక్కుమన్నది. మావాడి మొహం వాడిపోయింది. నేను వాడి భుజం తట్టాను. ఆ ఇంజన్లలో వాల్వుల దగ్గర ఆయిలుతో పనిచేసే మీటలుంటాయి, ఆయిలు అందేదాకా అలా చప్పుడు చెయ్యటం వాటికి మామూలు. నాలుగు నిమిషాల్లో సద్దుమణిగింది. చప్పుడు చేసే జబ్బులన్నీ పెద్దవి కావు, పెద్దవన్నీ చప్పుడు చెయ్యవు.

సీటు చిరిగింది, వెనక ప్లాస్టిక్కు అద్దం మసకబారింది. అవి అందరికీ కనిపించేవి. నేను సీట్ల వెనక తివాసీ ఎత్తి తడిమాను. ఈ కార్లలో గుడ్డ టాపు నీళ్ళు పోయే కన్నాలు పూడుకుపోతే, ఆ నీళ్ళు తలుపుల కింది రేకుల్లో నిలిచి, వెనక చక్రాల ముందు తుప్పు పడుతుంది. తివాసీ పొడిగా ఉంది, రేకు గట్టిగా ఉంది. తర్వాత పంతులుగారు నోటుపుస్తకం తెచ్చారు. ఆయిలు మార్చిన ప్రతి తేదీ, మైళ్ళు, బిల్లులు. ఆ ఇంజనులో టైమింగు బెల్టు 60,000 మైళ్ళకొకసారి మార్చాలి, మార్చిన బిల్లు ఉంది. ఒకవేళ బెల్టు తెగినా ఇందులో వాల్వులు పిస్టన్లకు తగలవు. బండి ఆగుతుందే గాని ఇంజను చావదు. మెకానిక్కు మాట ఎత్తకముందే, "మీ ఇష్టమొచ్చినవాడికి చూపించుకోండి" అన్నాడాయన.

200 డాలర్లిచ్చి చూపించాం. రేడియేటరు పైభాగం నలుపు పోయి గోధుమరంగుకు తిరిగిందనీ, త్వరలో పగులుతుందనీ మెకానిక్కు చెప్పాడు. ఆ మాట చూపి అడిగితే పంతులుగారు 6,900కు దిగారు. ఇంజనే పోతే పాతదొకటి వేయించటానికి 3,000 అన్నారు. కోడలు మళ్ళీ లెక్క చూసి, "ఇల్లు మూడు నెలలు ఆలస్యం. ఫరవాలేదు" అన్నది. కారు కొన్నారు.

తమ్ముడు ఫోనులో ఘొల్లుమన్నాడు. "2001ది వద్దని 1996ది కొనిపించావా! అదీ లక్ష మైళ్ళు తిరిగినదా!" అయిదేళ్ళు ముసలిదీ, ఎక్కువ తిరిగినదీ మంచి బేరమెలా అయిందో చెప్పటానికి నాకు అరగంట పట్టింది. ఏళ్ళూ, మైళ్ళూ కారు వయసు మాత్రమే చెప్తాయి. దాన్ని ఎవరు ఎలా సాకారో కాగితాలు చెప్తాయి.

కనక మీ పిల్లలు ఫోను చేసినప్పుడు వెంటనే వద్దనకండి. అంటే చెప్పకుండా కొంటారు. ఈ నాలుగూ అడగండి. ఒకటి, కారు మీది పదిహేడక్షరాల నంబరు అద్దం కిందా, తలుపు దగ్గరా, యాజమాన్యపు కాగితం మీదా ఒకటేనా? ఆ కాగితం మీద 'సాల్వేజ్' అన్న ముద్రగాని, బాంకు అప్పుగాని ఉన్నదా? రెండు, సొంత మెకానిక్కుకు చూపించుకోనిస్తున్నారా? దుకాణంవాళ్ళు కారు అద్దానికి పూచీ ఉన్నదీ లేనిదీ తెలిపే కాగితం అంటించాలని 1985 నించి అక్కడ నిబంధన ఉంది, ఇంటిదగ్గర అమ్ముకునేవారికి అదీ లేదు. మూడు, భీమా ఎంతవుతుందో కొనకముందే కనుక్కున్నారా? నాలుగు, అన్నిటికన్నా పెద్ద ఖర్చు రేపే వస్తే ఏ డబ్బులోంచి ఇస్తారు?

నాలుగో ప్రశ్నకు మీవాడు తడుముకోకుండా జవాబు చెప్పాడంటే, దిగులుపడకండి. ఫోను పెట్టేసేముందు రంగేమిటని కూడా అడగండి. సంతోషిస్తాడు.