పది సెకన్ల పెట్టె

రీల్స్ వెనకాల లో-ఫై బీట్స్ వింటూనే ఉంటారు కదా. కాస్త గరగరలాడుతూ, పాత రేడియోలోంచి వస్తున్నట్టుండే డ్రమ్ సౌండ్. ఇప్పుడైతే యాప్‌లో ఒక్క బటన్ నొక్కితే వచ్చేస్తుంది. నిజానికి ఆ గరగర కావాలని మొదట్లో ఎవరూ కోరుకోలేదు. మెమరీ చాలక వచ్చిందది!

1987లో కాలిఫోర్నియాకి చెందిన ఈ-ము సిస్టమ్స్ కంపెనీ ఎస్పీ-1200 అనే శాంప్లర్ తెచ్చింది. శాంప్లర్ అంటే, ఏ శబ్దాన్నైనా రికార్డు చేసుకుని, బటన్ నొక్కినప్పుడల్లా తిరిగి వాయించే పెట్టె. ఇందులో పట్టేది మొత్తం కలిపి 10 సెకన్ల శబ్దం. ఒక్కో ముక్క రెండున్నర సెకన్లు దాటకూడదు. లెక్కేస్తే 400 కేబీ కూడా ఉండదు. ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే వచ్చి పడే గుడ్‌మార్నింగ్ ఫొటో ఒక్కోసారి అంతకంటే బరువు.

మరి న్యూయార్క్ హిప్‌హాప్ కుర్రాళ్లు ఏం చేశారు? నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన ఎల్పీ రికార్డుని 45 స్పీడులో పెట్టారు. పాట కీచుమంటూ పరిగెడుతుంది. దాన్ని అలాగే రికార్డు చేసి, పెట్టెలో మళ్లీ స్లో చేశారు. దాంతో 10 సెకన్ల జాగాలో పదమూడున్నర సెకన్ల సరుకు పట్టింది. పొదుపులో మన అమ్మమ్మలకేం తీసిపోరు! కాకపోతే స్లో చేసేటప్పుడు ఈ పెట్టె మధ్య ఖాళీల్ని నున్నగా పూడ్చదు, ఉన్న ముక్కలనే మళ్లీ వాడేస్తుంది. పైగా సీడీలో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిస్తే, ఇందులో 26,040 సార్లే. అందుకే ఆ గరుకుదనం. పీట్ రాక్ లాంటివాళ్ల చేతుల్లో అదే ఓ స్టైలైపోయింది.

ఇంతకీ ఆ సెకన్లు ఎవరివి? ఎక్కువగా పాత ఫంక్, సోల్, జాజ్ రికార్డులవి. జేమ్స్ బ్రౌన్ 1970లో విడుదల చేసిన 'ఫంకీ డ్రమ్మర్'లో కొద్ది సెకన్ల డ్రమ్ సోలో ఉంటుంది. వాయించింది క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. పబ్లిక్ ఎనిమీ 'ఫైట్ ద పవర్' దగ్గర్నుంచి వందల పాటల్లో ఆ ముక్కే తిరిగింది. కానీ పాట రచయితగా రాసుకున్నది జేమ్స్ బ్రౌన్ పేరు. డ్రమ్స్ వాయించినవాడికి పాట మీద హక్కు లేదు. కోట్లమంది తలలూపిన ఆ బీటుకి రాయల్టీగా స్టబుల్‌ఫీల్డ్‌కి దక్కింది దాదాపు ఏమీ లేదు. 2017లో ఆయన చనిపోయారు. ఆ పాట పేరులోని డ్రమ్మర్ ఆయనే.