కప్పు గెలిస్తేనే గొప్ప జట్టా?

మా ఇంట్లో ఫుట్‌బాల్ పిచ్చి మా అబ్బాయిది, లెక్కల పిచ్చి మావారిది. అన్ని కాలాల్లోకీ గొప్ప జట్టు ఏదన్న మాట వచ్చిందంటే, కంచంలో అన్నం చల్లారిపోవాల్సిందే. మావారిది ఒకటే ప్రశ్న: "ప్రపంచకప్ గెలిచిందా, లేదా?" ఆ లెక్కన 1970 బ్రెజిల్‌కి తిరుగులేదు. మెక్సికోలో ఆడిన ఆరు మ్యాచ్‌లూ గెలిచి, ఫైనల్లో ఇటలీని 4-1తో ఓడించింది. అది గొప్ప జట్టే, నేనూ కాదనను.

కానీ కప్పు ఒక్కటే కొలత అంటే మాత్రం ఒప్పుకోను. ఆ కాలపు హంగరీ జట్టునే చూడండి. 1952లో ఒలింపిక్ స్వర్ణం తెచ్చుకుంది. 1953లో ఇంగ్లండ్‌ని వాళ్ల వెంబ్లీలోనే 6-3తో ఓడించింది. 1954 ప్రపంచకప్ తొలి దశలో పశ్చిమ జర్మనీ మీద 8-3తో గెలిచి, ఫైనల్లో అదే జట్టు చేతిలో 3-2తో ఓడిపోయింది. ఆ ఒక్క సాయంత్రం కోసం అంతకుముందు ఆడిన ఆటంతా చెరిపేస్తామా? ముందుండి గోల్స్ కొట్టాల్సిన హిదెకుటి వెనక్కి వచ్చి ఆడితే, అతని వెంట వెళ్లాలో, ఉన్నచోటే ఉండాలో ఇంగ్లండ్ వాళ్లకి పాలుపోలేదు. అతను ఖాళీ చేసిన చోట్లోకి పుష్కాష్, కోచిష్ దూసుకొచ్చారు. ఒకరు వదిలిన చోటుని ఇంకొకరు చెప్పకుండానే అందుకోవడం: నా దృష్టిలో జట్టంటే అదీ.

ఇంకో కొలత కూడా ఉంది. ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వెళ్లారన్నది. అందుకు మన హైదరాబాద్ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీం తయారుచేసిన భారత జట్టే సాక్ష్యం. 1952 ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన మనవాళ్లు, 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానంలో నిలిచారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాతో మొదటి మ్యాచ్ 2-0తో ఓడి, ఫైనల్లో అదే కొరియాని 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీం ముందు వరసలో ఆడించారు. ఫైనల్లో ఒక గోల్ అతనిదే! అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం మరుసటి ఏడాదే కన్నుమూశారు.

ఈ జట్టు బ్రెజిల్‌కి సాటి అని నేననడం లేదు. ప్రపంచకప్‌లో మనం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అయితే కప్పులే లెక్కపెడితే ఈ పదేళ్ల కష్టానికి ఏ గడిలోనూ చోటుండదు. మర్చిపోవడం అలాగే మొదలవుతుంది. 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా రహీం ఎవరో హైదరాబాద్ పిల్లల్లోనే చాలామందికి తెలియదు. పీలే, మెస్సీల పేర్లు మనం చెప్పకపోయినా పిల్లలకి తెలుస్తాయి. ఈ మాస్టారి పేరు మాత్రం మనమే చెప్పాలి.