లోడ్ బ్యాలెన్సర్ ఉంది, సర్వర్లే లేవు

ఐటీ వాళ్ళతో వచ్చిన చిక్కేమిటంటే, ఏ సమస్య చెప్పినా "దానికో యాప్ రాసేస్తే పోలా" అంటాం. ఫ్రాన్సు పల్లెటూళ్ళలో ఫ్యామిలీ డాక్టర్లు దొరకడం లేదన్న వార్త మీద మొన్న మా లంచ్ టేబుల్ దగ్గర చర్చా అలాగే నడిచింది. ఒకాయన వీడియో కన్సల్టేషన్ అన్నాడు, ఇంకొకాయన ఏఐ అన్నాడు. పెరుగన్నం అయ్యేసరికి ఫ్రాన్సు బాగుపడిపోయింది :)

నాకు ఒళ్ళు మండింది. అందుకే ఈ టపా.

ఫ్రాన్సులో యాపులకి కొదవ లేదు. అపాయింట్‌మెంట్లు ఇచ్చే డాక్టోలిబ్ 2013 నుంచీ ఉంది. వీడియో కన్సల్టేషన్‌కి ప్రభుత్వ ఆరోగ్య బీమా 2018 సెప్టెంబరు నుంచీ డబ్బులిస్తోంది. లేనిది డాక్టరు. నేనొక్కటే అంటున్నా: జనం డబ్బుతో చదివి, జనం డబ్బుతో ఫీజు పుచ్చుకునే డాక్టరు బోర్డు ఎక్కడ పెట్టుకోవాలన్నది పూర్తిగా ఆయనిష్టమే అన్న పద్ధతి పోవాలి. అది పోనంతవరకూ మన యాపులన్నీ పైపూతలే.

ముందు అక్కడి ఏర్పాటు చెప్పాలి. 2004లో చేసిన చట్టం ప్రకారం పెద్దవాళ్ళు ప్రతి ఒక్కరూ ఒక డాక్టరుని తమ ఫ్యామిలీ డాక్టరుగా నమోదు చేసుకోవాలి. స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళాలన్నా ఆయన చీటీ ఉండాలి. ఆ దారిలో వెళితే ఫీజులో 70 శాతం బీమా భరిస్తుంది, లేకపోతే మామూలు నియమం ప్రకారం 30 శాతమే. కాగితం మీద చక్కటి డిజైనే. కానీ 60 లక్షల మందికి పైగా జనానికి ఆ నమోదు చేసుకోవడానికి డాక్టరే దొరకలేదు. ఆథెంటికేషన్ తప్పనిసరి చేసి, లాగిన్ పేజీ పెట్టకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

క్లయింటు పని మీద ల మాన్‌లో ఉన్న రెండేళ్ళలో నేనూ ఈ గుమ్మాలు ఎక్కి దిగాను. పదకొండు చోట్ల ఫోన్ చేస్తే పదకొండు చోట్లా "కొత్త పేషెంట్లని తీసుకోవడం లేదండీ" అన్నారు. నాది చిన్న బాధ, వయసులో ఉన్నాను, ఊరు పెద్దది. మా టీములో ఒకావిడ వాళ్ళ అమ్మ ఆ సార్త్ జిల్లాలోనే ఒక పల్లెలో ఉండేది. ఎనభై దాటిన మనిషి. ఊళ్ళో డాక్టరు రిటైరయ్యాడు, ఆయన స్థానంలోకి ఎవరూ రాలేదు. బీపీ మాత్రల చీటీ తిరగరాయించుకోవడానికి ఆ ముసలావిణ్ణి కూతురు సెలవు పెట్టి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళేది. గుండెపోటు వాళ్ళు ఉండాల్సిన వరుసలో బీపీ మాత్రల కోసం కూర్చోవడం!

ఇది కరువు కాదు, చేసిపెట్టుకున్నది. 1971లో మెడికల్ సీట్లకి పరిమితి పెడుతూ చట్టం చేశారు. మొదట్లో ఏడాదికి ఎనిమిది వేల పైన ఉన్న సీట్లు తగ్గుతూ తగ్గుతూ 1993కి 3,500 అయ్యాయి. డాక్టర్లు తక్కువైతే బీమా ఖర్చు తగ్గుతుందని సర్కారు లెక్క. పోటీ ఉండదని డాక్టర్ల సంఘాల లెక్క. ఇద్దరికీ కుదిరింది. ఇది చాలదన్నట్టు 1988 నుంచి 2003 దాకా, ముందే రిటైరయ్యే డాక్టర్లకి ఎదురు డబ్బిచ్చి మరీ పంపించారు. వీఆర్ఎస్ అన్నమాట! సీట్ల పరిమితి ఎత్తేస్తూ 2019లో చట్టం చేశారు. ఫ్యామిలీ డాక్టరు తయారు కావడానికి తొమ్మిది పదేళ్ళు. అంటే ఆ ఫలితం చేతికందేది 2030ల్లోనే.

2017 డిసెంబరులో వాజ్ జిల్లాలోని లెన్యవిల్ మేయరు ఊళ్ళో ఎవరూ ఇంట్లో చనిపోకూడదని ఉత్తర్వు జారీ చేశాడు. చనిపోయారని సర్టిఫికెట్ ఇవ్వడానికి డాక్టరు రావడం లేదన్న కోపంతో చేసిన పని. ఆ తర్వాత ఆ సంతకం నర్సులు పెట్టొచ్చని ప్రయోగంగా మొదలుపెట్టి, 2025లో దేశమంతటికీ వర్తింపజేశారు. మంచిదే. పోయాక సంతకానికి దారి దొరికింది, పోకముందు చూసేవాళ్ళ మాటేమిటి?

డాక్టర్లకి డబ్బు ఆశ చూపించలేదా అంటే చూపించారు. కొన్ని పల్లె ప్రాంతాల్లో ప్రాక్టీసు పెడితే ఐదేళ్ళు ఆదాయపు పన్ను లేదు. 2016 ఒప్పందంలో డాక్టర్లు తక్కువున్నచోట స్థిరపడేవాళ్ళకి 50,000 యూరోలు ఇస్తామన్నారు. ఊళ్ళవాళ్ళు క్లినిక్కులు కట్టించి తాళాలు చేతిలో పెడతామన్నారు. అయినా బోర్డులు ఎండా సముద్రమూ ఉన్నచోటే లేచాయి.

ఇక్కడ నా ఐటీ మిత్రులకి ఒక మాట. ఫ్రాన్సు మొత్తం మీద జనరల్ డాక్టర్లు లక్షకి అటూ ఇటూగా ఉన్నారు. వీడియోలో కనిపించే డాక్టరు వాళ్ళలోంచే రావాలి. ఆయన స్క్రీను ముందు గడిపిన గంట ఎక్కడో ఒక క్లినిక్కులో తగ్గిన గంట. మనం రాసేది లోడ్ బ్యాలెన్సర్. దాని వెనక సర్వర్లు లేకపోతే అది చేసే పని ఎర్రర్ పేజీని అందంగా చూపించడం. పైగా పొట్ట నొక్కి చూడ్డం వీడియోలో కుదరదు.

మరి డాక్టర్లేమంటారు? స్వేచ్ఛ అంటారు. ఎక్కడ స్థిరపడాలో నిర్ణయించుకునే హక్కు 1927 నాటి తమ చార్టర్‌లోనే ఉందంటారు. సరే, అదే ఫ్రాన్సులో మందుల షాపు సంగతి చూడండి. ఊళ్ళో 2,500 మంది జనం ఉంటే మొదటి షాపు, ఆపైన ప్రతి 4,500 మందికీ ఇంకొకటి. ఇష్టమొచ్చినచోట షట్టర్ ఎత్తడానికి లేదు. నర్సులు ఎక్కువైన చోట కొత్త నర్సుకి బీమా ఒప్పందం ఇవ్వరు. టీచరుని సర్కారు వేసినచోటికి వెళ్ళాల్సిందే. డాక్టరు ఒక్కడికే ఎందుకీ మినహాయింపు? మెడికల్ కాలేజీ ఫీజు ఏడాదికి కొన్ని వందల యూరోలు. ప్రాక్టీసు పెట్టాక కన్సల్టేషన్‌కి 30 యూరోలు, అందులో పెద్ద వాటా బీమా సొమ్ము. ఆదాయం గ్యారంటీ సర్కారుది, లొకేషన్ మాత్రం సొంత ఇష్టం. మనకి ఏ కంపెనీ ఇచ్చిందండీ ఇలాంటి ఆఫరు?

అమెరికాలో మన తెలుగు డాక్టర్లనే చూడండి. జే-1 వీసా మీద రెసిడెన్సీ చేసినవాళ్ళు రెండేళ్ళు వెనక్కి రాకుండా అక్కడే ఉండాలంటే డాక్టర్లు తక్కువున్న ప్రాంతంలో మూడేళ్ళు పనిచెయ్యడం ఒక దారి. కాన్రాడ్ 30 అంటారు. మనవాళ్ళు ఎంతమంది ఏ మూల ఊళ్ళలో ఉన్నారో మీ చుట్టాలనడిగితే తెలుస్తుంది. పరాయివాడికి పెట్టగలిగిన షరతు సొంతవాడికి పెట్టడానికి నోరు రాదు, అంతే తేడా.

యువ డాక్టర్ల వాదనలో ఒకదానికి మాత్రం బలముంది. "సీట్లు మూసింది పాత తరం, శిక్ష మాకా? ఇంటర్న్‌లుగా తక్కువ జీతానికి రాత్రింబవళ్ళు ఆస్పత్రులని మోసింది చాలదా?" అని 2025 ఏప్రిల్లో సమ్మెకి దిగారు. నిజమే, అన్యాయం జరిగింది. కానీ వాళ్ళు వ్యతిరేకించిన గారో బిల్లులో ఏముంది? డాక్టర్లు తక్కువున్నచోట ఎవరైనా ఎప్పుడైనా స్థిరపడొచ్చు. సరిపడా ఉన్నచోట మాత్రం ఒకరు వెళితేనే ఇంకొకరికి చోటు. ఎవర్నీ అడవికి పంపడం లేదు. నిండిన బస్సు ఆగదంటున్నారు, ఖాళీ బస్సులు ఉన్నాయంటున్నారు. సొంత సర్కారు వద్దంటున్నా 2025 మే 7న ఆ బిల్లు జాతీయ అసెంబ్లీలో నెగ్గింది. అదే నెలలో సెనేట్ దీనికన్నా మెత్తటి సొంత బిల్లొకటి పాస్ చేసింది.

"పంపకం వల్ల కొత్త డాక్టర్లు పుడతారా" అని ఇంకో ప్రశ్న. పుట్టరు. కానీ రేషన్ కార్డు కావాల్సింది కరువులోనే కదా. పంట విరగ్గాసిన ఏడు దాంతో పనేముంది?

పల్లెకి వెళ్ళేవాణ్ణి ఒంటరిగా వదిలెయ్యమనీ నేననడం లేదు. సోన్-ఎ-ల్వార్ జిల్లా 2018లో తనే డాక్టర్లని జీతానికి పెట్టుకుని ఊళ్ళలో కేంద్రాలు తెరిచింది. నెల జీతం, సెలవులు, కాగితాల పనికి వేరే మనుషులు. డాక్టర్లు వచ్చారు. అంటే పల్లె అంటే భయం కాదు, పల్లెలో ఒక్కడే చావాలంటే భయం. ఆ భయం తీర్చే బాధ్యత సర్కారుది. అది తీర్చాక కూడా సముద్రమే కావాలనేవాడు బీమా ఒప్పందం లేకుండా తన ఫీజు తను వసూలు చేసుకోవచ్చు. ఆ స్వేచ్ఛకి నేను అడ్డు రాను.

ఇక మన సంగతి. హెల్త్‌కేర్ ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ఈసారి క్లయింటు స్లైడులో "గ్రామీణ ప్రాంతాలకి వైద్యం చేరువ చేస్తున్నాం" అని కనిపిస్తే చెయ్యెత్తి ఒక్క ప్రశ్న అడగండి: ఈ స్లాటులో కూర్చునే డాక్టరుని ఎక్కణ్ణుంచి తెస్తున్నారు? జవాబు లేకపోతే అది వైద్యం కాదు, ఉత్త క్యూ. క్యూలు రాయడం మనకి బాగా వచ్చు. అదే పరిష్కారమని ఆ ఎనభై ఏళ్ళ పెద్దావిడకి చెప్పడానికి మాత్రం నాకు మొహం చెల్లదు.