జపానులో ఐటీ చదువు: దారి టోక్యోకు, చిక్కు తహసీలు కచేరీలో

2025 ఆగస్టు నెలాఖరున ప్రధానమంత్రి నరేంద్ర మోదీ టోక్యోలో పర్యటించినప్పుడు భారత్, జపాను దేశాలు ఒక కార్యాచరణ ప్రణాళికను ప్రకటించాయి. అయిదేళ్లలో ఉభయ దేశాల నడుమ 5 లక్షల మంది రాకపోకలు సాగించాలనీ, వారిలో నైపుణ్యం గల 50 వేల మంది భారతీయులు జపానుకు వెళ్లాలనీ అందులోని ముఖ్యాంశం. అదే సంవత్సరం ఏప్రిల్‌లో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జపాను వెళ్లినప్పుడు, ఆ రాష్ట్రానికి చెందిన విదేశీ ఉపాధి సంస్థ టామ్‌కామ్ అక్కడి సంస్థలతో ఉద్యోగాలపై ఒప్పందాలు కుదుర్చుకున్నది. అంతవరకు పెద్ద పట్టణాలకే పరిమితమైన ‘జపాను చదువు’ మాట ఇప్పుడు బల్లార్‌పూర్ కాగితపు మిల్లు కాలనీలలో, రాజురా బొగ్గు గనుల పల్లెలలో, గోండ్‌పిపరి, జివతి తాలూకాల తెలుగు ఇళ్లలో కూడా వినవస్తున్నది. కుమారుడు కంప్యూటరు చదువుతున్నాడు, జపాను పంపవచ్చునా అన్నది తండ్రి ప్రశ్న.

ప్రశ్న సమంజసమైనదే. జపానుకు మనుషులు కావాలి. 2024లో ఆ దేశంలో పుట్టిన జపానీయుల బిడ్డల సంఖ్య 7 లక్షలకు లోపే. 2030 నాటికి ఐటీ రంగంలో 7 లక్షల 90 వేల మంది వరకు కొరత ఏర్పడవచ్చునని అక్కడి ఆర్థిక, పరిశ్రమల శాఖ 2019లోనే అంచనా వేసినది. 2033 నాటికి విదేశీ విద్యార్థుల సంఖ్యను 4 లక్షలకు చేర్చాలన్నది ఆ ప్రభుత్వ లక్ష్యం. 2024 మే నాటికి అక్కడ చదువుతున్న విదేశీయులు 3,36,708 మంది. వారిలో చైనీయులే లక్షా 20 వేలకు పైబడి ఉండగా, మనకన్నా ఎంతో చిన్నదైన నేపాల్ నుండి వెళ్లినవారు దాదాపు 65 వేలు. భారతీయుల వాటా ఒక శాతానికి కూడా చేరలేదు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల వైపు చూసిన మన కళ్లు తూర్పుకు తిరగనే లేదన్నమాట.

అయితే తలుపు తెరచి ఉండుట వేరు, గడప దాటుట వేరు. జపానుకు పోవు దారులన్నీ ఒక్క తీరువి కావు. ఏ దారి ఎవరి ఖర్చుతో సాగుతున్నదో ముందుగా తెలుసుకొనవలెను.

అన్నింటిలో మేలైనది జపాను ప్రభుత్వమే ఇచ్చే విద్యార్థి వేతనం. 1954 నుండి అమలులో ఉన్న ఈ పథకాన్ని అక్కడి విద్యాశాఖ పేరుతో ‘మెక్స్ట్’ వేతనమంటారు. ఎంపికైన వారికి బోధన రుసుము లేదు. విమాన ఖర్చు జపాను ప్రభుత్వానిదే. పట్టభద్ర స్థాయి విద్యార్థికి ఇటీవలి సంవత్సరాలలో నెలకు లక్షా 17 వేల యెన్లు ఇస్తున్నారు. యెన్ను విలువ సుమారు 60 పైసలనుకుంటే ఇది 70 వేల రూపాయలు. పన్నెండవ తరగతి ముగించినవారికి భాష నేర్పే తొలి ఏడాదితో కలిపి అయిదేళ్ల చదువు. వృత్తి విద్యా కళాశాలలకైతే మూడేళ్లు. వ్రాత పరీక్ష, మౌఖిక పరీక్ష ఉంటాయి. పోటీ తీవ్రమే గాని, దరఖాస్తుకు రుసుము లేదు, మధ్యవర్తి అక్కర లేదు. ఇక్కడొక సరిహద్దు విశేషమున్నది. చంద్రపూర్ జిల్లా విద్యార్థికి ముంబయిలోని జపాను కాన్సులేటు దిక్కు. కొద్ది మైళ్ల అవతల ఆసిఫాబాద్ విద్యార్థికి చెన్నైలోని కాన్సులేటు. అన్న ఇటు, చిన్నాన్న కొడుకు అటు ఉన్న ఇళ్లలో ఇద్దరూ ఒకే చోటికి కాగితాలు పంపితే ఒకరివి వృథా కావచ్చును.

రెండవ దారి మన దేశంలోనే మొదలవుతుంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణ నిర్మాణానికి జపాను సహకార సంస్థ జైకా తోడ్పడినది. ఆ బంధంతోనే 2012 నుండి ‘ఫ్రెండ్‌షిప్’ అనే పథకం కింద అక్కడి పట్టభద్రులు జపాను విశ్వవిద్యాలయాలలో స్నాతకోత్తర విద్యకు, పరిశోధనకు విద్యార్థి వేతనంతో వెళ్తున్నారు. తెలుగు నేల మీది ఈ ద్వారం గురించి వార్ధా నదికి ఇవతల తెలిసినవారు తక్కువ. ఐఐటీలో సీటు రావడమే గగనమని తల్లిదండ్రులు నిట్టూర్చవచ్చును, అదీ నిజమే.

మూడవది స్వంత ఖర్చు. జాతీయ విశ్వవిద్యాలయాల ప్రామాణిక రుసుము 2005 నుండి ఏడాదికి 5,35,800 యెన్లు, అనగా సుమారు 3 లక్షల 20 వేల రూపాయలు. ప్రవేశ రుసుము మరొక 2,82,000 యెన్లు. టోక్యో విశ్వవిద్యాలయం 2025లో చేరిన విద్యార్థుల నుండి దీనిని 6,42,960కి పెంచినది. మన ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలల రుసుములతో పోల్చితే ఇది మరీ అందనిది కాదు. ఫుకుషిమా ప్రాంతంలో 1993లో స్థాపితమైన ఐజు విశ్వవిద్యాలయం కంప్యూటరు శాస్త్రానికే ప్రత్యేకించినది; ఆంగ్లంలోనే చదివి పట్టా పొందే వీలు అక్కడ ఉన్నది. ఇటువంటి చోటికి నేరుగా ప్రవేశం పొందినవారు అదృష్టవంతులు.

కానీ పల్లెలకు వచ్చే ప్రకటనలు ఈ విశ్వవిద్యాలయాల గురించి కావు. ముందు జపానులో ఒక భాషా పాఠశాలలో చేరి, ఏడాదో రెండేళ్లో అక్షరాలు దిద్ది, తరువాత ఐటీ వృత్తి కళాశాలకు పోవచ్చుననీ, పార్ట్‌టైమ్ పనితో ఖర్చులన్నీ వెళ్లిపోతాయనీ వాటి సారాంశం. ఈ చివరి మాటనే లెక్క కట్టి చూడవలెను. అనుమతి పొందిన విద్యార్థి వారానికి 28 గంటలు మాత్రమే పని చేయవచ్చును. దీర్ఘకాల సెలవులలో రోజుకు 8 గంటలు. 2025లో నిర్ణయించిన కనీస వేతనం దేశ సగటున గంటకు 1,121 యెన్లు. నెలకు 112 గంటలు పని దొరికినా లక్షా 25 వేల యెన్లు. ఇంటి అద్దె, తిండి, రైలు ఖర్చులకు పొదుపరి విద్యార్థికి కూడా నెలకు లక్ష యెన్ల వరకు కావలెను. ఏడాదంతా కూడబెడితే మిగిలేది 3 లక్షల యెన్లు. భాషా పాఠశాల రుసుము ఏడాదికి 7, 8 లక్షల యెన్లు. తరుగు పడే 4, 5 లక్షల యెన్లు, అనగా రెండున్నర నుండి మూడు లక్షల రూపాయలు, ఇంటి నుండి రావలసినదే. ఏజెంటు రుసుము, విమానపు టిక్కెట్టు, ప్రవేశ రుసుము ఇందులో చేరలేదు. పైగా మొదటి నెలల్లో భాష రాని కుర్రవానికి 28 గంటల పని వెంటనే దొరుకుతుందన్న హామీ లేదు. రాత్రంతా పని చేసి పగలు తరగతిలో కునికేవానికి భాష ఎప్పుడు పట్టుబడును?

ఇది ఊహాగానం కాదు. టోక్యోలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం నుండి మూడేళ్ల కాలంలో 1,600 మందికి పైగా విదేశీ విద్యార్థుల ఆచూకీ లేకుండా పోయిన ఉదంతం 2019లో ఆ దేశాన్ని కుదిపివేసినది. అప్పు చేసి వచ్చినవారు అప్పు తీర్చే పనిలో పడి చదువుకు దూరమగుట అక్కడ పాత కథ. 28 గంటల హద్దు మీరితే వీసా పొడిగింపు నిరాకరించగలరు. పంట మీద అప్పు తీరకపోయినా భూమి మిగిలి ఉంటుంది. ఈ అప్పుకు ఆ పాటి ఆధారం కూడా లేదు.

భాష విషయంలో మాత్రం మన పిల్లలకు తెలియని ఒక అనుకూలత ఉన్నది. జపాను అక్షరమాల అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, స, త, న వరుసలలో సాగుతుంది. బౌద్ధంతో పాటు వెళ్లిన భారతీయ వర్ణక్రమమే దానికి మూలం. వాక్యంలో క్రియ చివరకు వచ్చుట, విభక్తులు పదం వెనుక చేరుట తెలుగులోనూ మరాఠీలోనూ ఉన్నవే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పుస్తకంలో ఆంగ్లం చదివిన సరిహద్దు బాలుడు మూడు లిపులు మోసినవాడు; మరి రెండు చిన్న లిపులు అతనికి భారం కావు. నిత్య వ్యవహారంలోని 2,136 చైనా అక్షరాలే అసలు పర్వతం. పుణెలో ఏటా జూలై, డిసెంబరు నెలలలో జపాను భాషా సామర్థ్య పరీక్ష జరుగుతుంది. విమానం ఎక్కక ముందే కింది మెట్లయిన ఎన్5, ఎన్4 ఇక్కడే దాటినవానికీ, అక్షరం రాక వెళ్లినవానికీ మధ్య తేడా లక్షల యెన్లలో ఉంటుంది.

ఇక అసలు చిక్కు. ప్రభుత్వ సహాయం కోరే కుటుంబానికి జపాను వీసా కన్నా ముందు ఎదురయ్యేది ‘నీవు ఏ రాష్ట్రపు వాడవు’ అన్న ప్రశ్న. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ద్వారా అర్హులైన షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థులకు 20 లక్షల రూపాయల వరకు ఇస్తారు. ఆ దేశాల జాబితాలో జపాను ఉన్నది. మహారాష్ట్రలో షెడ్యూల్డు కులాలకు రాజర్షి శాహూ మహారాజ్ విదేశీ విద్యార్థి వేతనం ఉన్నది. దానికి ప్రపంచ ర్యాంకులలో తొలి 200 లోపలి విశ్వవిద్యాలయంలో ప్రవేశం కావలెను. టోక్యో, క్యోటో, ఒసాకా, తోహోకు వంటివి కొద్దిపాటి మాత్రమే ఆ వరుసలో నిలుస్తాయి, ఐజు నిలువదు. రెండు పథకాలూ డిగ్రీ తరువాతి చదువులకే గనుక పన్నెండవ తరగతి కాగానే పోదలచినవారికి అక్కరకు రావు.

మహారాష్ట్ర నివాస ధ్రువపత్రానికి పదిహేనేళ్ల నివాసం చూపవలెను. కుల ధ్రువపత్రానికి తోడు కుల పరిశీలన సమితి ఇచ్చే ‘వాలిడిటీ’ కావలెను. దాని కోసం షెడ్యూల్డు కులాలవారు 1950 ఆగస్టు 10కి, తెగలవారు 1950 సెప్టెంబరు 6కి, విముక్త జాతులవారు 1961 నవంబరు 21కి పూర్వమే తమ పెద్దలు ఈ రాష్ట్రంలో ఉన్నట్లు పాత కాగితం తేవలెను. రాజురా ప్రాంతం 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో భాగం. ఆనాటి కాగితాలు నిజాం కచేరీ ఉర్దూలో ఉంటాయి. వాటిని చదివించి, అనువదింపజేసి, తాత పేరూ మనుమని ఇంటిపేరూ ఒకటేనని నిరూపించుటకు నెలలు పడుతున్నవి. విశ్వవిద్యాలయపు గడువు అంతవరకు ఆగదు.

బంజారాల పరిస్థితి మరింత విచిత్రం. 1976 నుండి తెలంగాణ ప్రాంతంలో లంబాడాలు షెడ్యూల్డు తెగ. మహారాష్ట్రలో వారే విముక్త జాతి. ఒకే తండాలోని అన్నదమ్ములలో కెరమెరి వైపు ఉన్నవాడు గిరిజనుడు, జివతి వైపు ఉన్నవాడు కాడు. 2025లో మరాఠాల విషయమై ప్రభుత్వం హైదరాబాద్ గెజెట్‌ను అంగీకరించిన తరువాత బంజారాలు కూడా అదే ఆధారంతో గిరిజన హోదా కోరుతూ వీధుల్లోకి వచ్చారు. సరిహద్దు దాటి వచ్చిన కుల హోదా కొత్త రాష్ట్రంలో చెల్లదని సర్వోన్నత న్యాయస్థానం 1990లోనే చెప్పినది. బొంబాయి వైద్య కళాశాలలో సీటు కోరిన ఒక తెనాలి విద్యార్థి వ్యాజ్యంలోనే ఆ తీర్పు వెలువడినది.

రెండు రాష్ట్రాల మధ్య నలిగిన 14 గ్రామాల సంగతి పాఠకులకు తెలిసినదే. రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు గుర్తింపు కార్డులు, రెండు ప్రభుత్వాల బడులు. ఆ గ్రామాలను చంద్రపూర్ జిల్లాలో పూర్తిగా కలిపే ప్రక్రియ సాగుతున్నదని 2025 జూలైలో మహారాష్ట్ర రెవెన్యూ మంత్రి చంద్రశేఖర్ బావన్‌కుళే ప్రకటించారు. ఇన్నాళ్లూ రెండు కార్డులు లాభమనుకున్న ఇంటికి విదేశీ చదువు దగ్గర అవే ఎదురు సాక్ష్యాలు. ఒక రాష్ట్రపు నివాస పత్రం, మరొక రాష్ట్రపు కుల పత్రం జతచేసిన దరఖాస్తును ఏ అధికారీ ముందుకు పంపడు.

చిన్నదిగా కనిపించే మరొక ముడి పేరు. తెలుగు ఇంట ఇంటిపేరు ముందు, పేరు తరువాత. మరాఠీ బడి దాఖలాలో నడుమ తండ్రి పేరు వచ్చి చేరుతుంది. ఆధార్‌లో ఒక తీరు, పదవ తరగతి మార్కుల పత్రంలో మరొక తీరు, పాసుపోర్టులో మూడవ తీరు. వీసాకు ముందు జపాను వలస శాఖ నుండి అర్హతా పత్రం తెచ్చుకొనవలెను. అక్కడి గుమాస్తాకు ఈ ముగ్గురూ ఒక్కరేనని ఎట్లు తెలియును? దాఖలాలోని పేరును సరిదిద్దించుట విద్యార్థి బడిలో ఉన్నంత కాలం ప్రధానోపాధ్యాయుని ద్వారా జరిగే పని. బడి విడిచిన తరువాత అఫిడవిట్, గెజెట్ ప్రకటన, పదేపదే చంద్రపూర్ ప్రయాణం.

డిగ్రీ లేకపోయినా జపానులో ఐటీ ఉద్యోగ వీసాకు తోడ్పడే సన్నని బాట ఒకటి ఉన్నది. మన నైలిట్ సంస్థ నిర్వహించే ఎ, బి, సి స్థాయి పరీక్షలను జపాను తన ఐటీ పరీక్షలతో పాటు గుర్తించినది. ప్రారంభ స్థాయి అయిన ‘ఓ’ మాత్రం అందులో లేదు. ఇంటి వద్దనే ఉండి చదివే వీలున్న ఈ పరీక్షకూ, పుణె భాషా పరీక్షకూ కలిపి అయ్యే ఖర్చు ఏజెంటు అడిగే బయానాలో కొంత భాగమే.

ఈ జూన్‌లో పదవ తరగతికి వచ్చే పిల్లల ఫారాలు శీతకాలంలో బోర్డుకు పోతాయి. పేరు, పుట్టిన తేదీ, కులం అన్న మూడు గడులను తండ్రి దగ్గరుండి చదివించుకొనవలసిన సమయం అదే.