ఉమ్మి పరీక్షతో బాక్సర్ తేలరు

పిల్లల ఉమ్మి పంపితే ఏ ఆటకు పనికొస్తారో చెబుతామంటూ జన్యు పరీక్షలు అమ్ముతున్నారు. వాటిలో తరచూ చూసేది ఏసీటీఎన్3 జన్యువు. వేగంగా బిగుసుకునే కండర తంతువుల్లోని ఒక ప్రొటీన్‌కు అదే మూలం. ప్రపంచంలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆ ప్రొటీన్ అసలు ఉండదు. అందువల్ల జబ్బేమీ రాదు. మేటి స్ప్రింటర్లలో అలాంటివారు అరుదే, నిజం. కానీ బాక్సింగ్ రింగులో దూరం అంచనా కట్టాలి, దెబ్బ తప్పించుకోవాలి, చివరి రౌండ్‌లోనూ దమ్ముండాలి. ఇదంతా ఒక్క జన్యువు చెప్పేది కాదు. ప్రతిభను గుర్తించడానికి ఈ పరీక్షలు వాడరాదని 2015లోనే నిపుణులు ఉమ్మడిగా ప్రకటించారు. నిజామాబాద్ బిడ్డ, బాక్సర్ నిఖత్ జరీన్ ఏళ్ల తరబడి శిక్షణ తర్వాతే 2022, 2023లలో ప్రపంచ విజేత అయ్యారు. తల్లిదండ్రులారా, ఆ డబ్బు మంచి కోచ్‌కు, గట్టి హెడ్‌గార్డ్‌కు ఖర్చు పెట్టండి.