ఆటల గంట

మధ్యాహ్నము మూడున్నర దాటినది. ఎనిమిదవ తరగతి పిల్లల చెవులన్నియు ఆటల గంటపైననే యున్నవి. గంట మ్రోగినది. పుస్తకములు సంచులలోనికి చేరినవి. ఇంతలో గణితోపాధ్యాయుడు సుద్దముక్కతో లోనికి వచ్చి, "పరీక్షలు దగ్గరపడినవి, నేడు ఆటలు లేవు" అని నల్లబల్లవైపు తిరిగెను. పిల్లల ముఖములు చిన్నబోయినవి.

అనేక పాఠశాలలలో ఇట్టి దృశ్యము క్రొత్తది కాదు. ఉపాధ్యాయుని యుద్దేశము మంచిదే. తన విద్యార్థులు వెనుకబడరాదని యాతని తపన. అయినను ఆ 40 నిమిషములు నిజముగా చదువునకు లాభించినవా యని విచారింపవలసి యున్నది.

ఉదయమునుండి బల్లపై కూర్చున్న పిల్లవాని దేహము బిగిసి, మనస్సు అలసి యుండును. అట్టివేళ బోధించిన పాఠము చిల్లికుండలో పోసిన నీటివంటిది. కొంతసేపు పరుగెత్తి, నవ్వి, కేకలు వేసి వచ్చినవాడు అదే లెక్కను తేటపడిన మనస్సుతో చూడగలడు. అయిదేండ్లు మొదలు పదునేడేండ్ల వరకు గల పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషముల శరీరశ్రమ యవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. దానివలన దేహమునకే గాక మనస్సునకును మేలు కలుగునని ఆ సంస్థ తెలిపినది.

ఆట నేర్పు పాఠములు పుస్తకములలో దొరకవు. చెడుగుడునే చూడవచ్చును. కూత పెట్టుచు ఎదిరిబరిలోనికి పోయినవాడు పట్టుబడినచో బయటికి పోయి కూర్చుండవలెను. కాని అతని జట్టువారు ఎదిరిపక్షమున నొకని నోడించినంతనే, అతడు మరల బరిలోనికి వచ్చును. ఓటమి కడపటి మాట కాదనియు, తాను పడిపోయినపుడు తోడివారు తనను నిలుపగలరనియు ఆ పిల్లవాడు మాటలతో కాక అనుభవముతో తెలిసికొనును. పరీక్షలో మార్కులు తగ్గి క్రుంగినవానికి ఇంతకన్న నవసరమైన పాఠము మరియొకటి లేదు.

పూర్వపు వీధిబడులలో బెత్తము, కోదండము వంటి కఠినశిక్ష లుండెడివి. అట్టి బడులును దసరా దినములలో రూపు మార్చుకొనెడివి. పిల్లలు వెదురు విల్లంబులు చేతబట్టి, అయ్యవారితో కూడి పాటలు పాడుచు ఇంటింటికి తిరిగి, పప్పుబెల్లములు పంచుకొని తినెడివారు. ఏడాదియంతయు భయపెట్టిన గురువే ఆ దినములలో పిల్లలతో కలసి నడచెడివాడు. చదువునకు సంతోషము విరోధి కాదని ఆనాటివారికిని తెలియును.

నేడు చట్టమును ఈ మాటనే చెప్పుచున్నది. ఆడుకొనుట బాలల హక్కని ఐక్యరాజ్యసమితి 1989లో ఒప్పందము చేయగా, 1992లో భారతదేశము దానిని అంగీకరించినది. పాఠశాలకు ఆటస్థలమును, ప్రతి తరగతికి తగిన ఆటవస్తువులును ఉండవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము విధించినది. ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల విద్యార్థులు పది దినములు సంచి లేకుండ వచ్చి, వడ్రంగము, కుండలు చేయుట, తోటపని వంటివి స్థానిక వృత్తికారులవద్ద నేర్వవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము సూచించినది.

అయితే ఆటలన్నియు వినోదములు కావు. బలవంతులు మాత్రమే ఆడి, బాలికలు వసారాలో కూర్చుండి, ఓడినవానిని తక్కినవారు గేలిచేసినచో, ఆ గంట కొందరికి శిక్ష యగును. పరుగెత్తలేనివానికి అచ్చనగాయలు, వామనగుంటలు కలవు. ఆటలు రుచింపనివారికి కథ చెప్పుట, బొమ్మ గీయుట, నాటకమాడుట కలవు. వీనిలో పెక్కింటికి ధనము అక్కరలేదు. ఎవ్వరిని వెలివేయని మనస్సు మాత్రము కావలెను.

ఆటయే సర్వరోగనివారిణి యనుటయు సరి కాదు. ఎన్నిదినములైనను తొలగని దిగులు గలవారు దానిని దాచుకొనక తల్లిదండ్రులతోనో, నమ్మకము గల ఉపాధ్యాయునితోనో చెప్పుకొనవలెను. అట్టివారికొరకు ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలిమానస్ సేవ 14416 అను సంఖ్యపై లభించును. నలుగురిలో నవ్వుచు ఆడువారి నడుమ ఒకడు మౌనముగా ఉన్నచో, వానిని ముందుగా గుర్తింపగలవారు తోడి పిల్లలే.

కావున కాలపట్టికలో ఆటల గంట మిగిలిన గంటలతో సమానముగా నిలువవలెను. అది పాఠములకు అప్పిచ్చుటకు ఉంచిన ఖాళీ సమయము కాదు. గణితోపాధ్యాయుడు ఆ గంటలో మైదానమునకు వచ్చి జట్ల లెక్క వ్రాసినచో, మరునాటి తరగతిలో తెలియని లెక్కను అడుగుటకు పిల్లలు భయపడరు.